అబుదాబి 2021: ఆ చివరి ల్యాపు ఆడించాల్సిందేనా?

ట్యాంక్‌బండ్:
నిద్ర పట్టక నిన్న అబుదాబి 2021 ఫార్ములా వన్ రేసు చివరి ల్యాపులు (ల్యాపు అంటే ట్రాక్ చుట్టూ ఒక రౌండు) మళ్ళీ చూశాను. చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తా. డిసెంబర్ 12, యాస్ మరీనా ట్రాక్. సీజన్‌లో చివరి రేసు. దానికి ముందు మెర్సిడెస్ డ్రైవర్ హామిల్టన్‌కీ రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్‌కీ సరిగ్గా చెరో 369.5 పాయింట్లు. మొత్తం 58 ల్యాపులు. 53వ ల్యాపులో లతీఫీ కారు 14వ మలుపు దగ్గర గోడకు కొట్టుకుంది. సేఫ్టీ కారు వచ్చింది, అంటే ట్రాక్ శుభ్రమయ్యేదాకా అందరూ దాని వెనకే నెమ్మదిగా, ఒకర్నొకరు దాటకుండా వెళ్ళాలి. ముందున్న హామిల్టన్ పాత హార్డ్ టైర్లతో అలాగే ఉండిపోయాడు. వెర్‌స్టాపెన్ పిట్‌లోకి (టైర్లు మార్చే చోటుకి) వెళ్ళి కొత్త సాఫ్ట్ టైర్లు వేయించుకొచ్చాడు, వాటికి పట్టు, వేగం ఎక్కువ. ఇద్దరి మధ్యా ఒక ల్యాపు వెనకబడ్డ కార్లు ఐదు. వాటిని సేఫ్టీ కారుని దాటి ముందుకు వెళ్ళనివ్వం అని ముందు ప్రకటించారు. 57వ ల్యాపుకి మాట మార్చి ఆ ఐదింటినే దాటనిచ్చారు, అదే ల్యాపు చివర సేఫ్టీ కారుని లోపలికి పిలిచేశారు. మిగిలింది ఒక్క ల్యాపు. ఐదో మలుపులో వెర్‌స్టాపెన్ దాటేశాడు, ఛాంపియన్ అయ్యాడు.

ఈ నిర్ణయాలు తీసుకున్న రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీ చేసింది కరెక్టేనా? గొడవ పడకుండా చెప్పండి.

రాజమండ్రి_రేసర్:
గొడవ పడకుండానట. పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

బెంజ్‌సర్కిల్:
దీనికి చర్చెందుకు అన్నా? అప్పటి రూల్ బుక్‌లో 48.12 నిబంధన చదివితే చాలు. చివరి కారు దాటాక, *తర్వాతి ల్యాపు* చివర సేఫ్టీ కారు లోపలికి వెళ్ళాలి. కార్లు దాటింది 57లో. తర్వాతి ల్యాపు ఏది? 58. అంటే రేసు సేఫ్టీ కారు వెనకే ముగియాలి. ఒకటో తరగతి లెక్క ఇది. రెండోది, వెనకబడ్డ కార్లు మొత్తం ఎనిమిది. అందులో ఐదింటికే దారి ఇస్తారా?

2020లో నూర్బర్గ్‌రింగ్ రేసప్పుడు సేఫ్టీ కారు అంతసేపు ఎందుకుందని డ్రైవర్లు అడిగితే, వెనకబడ్డ కార్లన్నిటినీ పంపించాలని నిబంధన ఉంది అని చెప్పింది ఇదే మాసీ. ఏడాదికే మర్చిపోయాడా?

ముప్పైమూడు:
వచ్చాడు 48.12 గారు. బ్రదర్, 15.3 కూడా ఉంది అదే పుస్తకంలో. సేఫ్టీ కారు వాడకం మీద తుది అధికారం రేస్ డైరెక్టర్‌దే. స్టీవార్డ్‌లు (రేసు తీర్పరులు) మెర్సిడెస్ ఫిర్యాదు కొట్టేసింది దాన్నిబట్టే. ఒకటి కాదు, రెండు ఫిర్యాదులు కొట్టేశారు. ఆ తర్వాత అప్పీలు చేస్తామని చెప్పి, నాలుగు రోజులకి మీ టీమే వెనక్కి తీసుకుంది. టీమే వదిలేశాక నువ్వెందుకయ్యా ఇంకా మోస్తున్నావు?

బెంజ్‌సర్కిల్:
15.3 ఉన్నది క్లర్క్ ఆఫ్ ద కోర్స్ (ట్రాక్ మీద రేసు నడిపే అధికారి) కంటే డైరెక్టర్ మాట పైన అని చెప్పడానికి. రాసిన నిబంధన కంటే పైన అని కాదు. అలా అయితే మిగతా పుస్తకం ఎందుకు? ఒక్క పేజీ చాలు: "ఆయన ఇష్టం."

టీమ్ వదిలేసిందా? సరే. మరి 2022 మార్చిలో ఎఫ్ఐఏ (ఈ రేసుల్ని నియంత్రించే సంస్థ) తన రిపోర్టులోనే మానవ తప్పిదం అని ఎందుకు రాసుకుంది? అంతకుముందే మాసీని ఎందుకు తప్పించింది? "అన్ని కార్లూ" అని అర్థమయ్యేలా నిబంధనని ఎందుకు తిరగరాసింది?

ముప్పైమూడు:
ఆ రిపోర్టులోనే ఆయన మంచి ఉద్దేశంతోనే చేశాడని, ఫలితం మారదని కూడా ఉంది. అది చదవలేదా, కళ్ళకి ఆనలేదా?

తిఫోసి_తిరుపతి:
మీ ఇద్దరి గోలలో అప్పటి మా ఫెరారీ డ్రైవర్ సైంజ్‌ని మర్చిపోయారు. మూడో స్థానంలో ఉన్నాడు ఆయన. వెర్‌స్టాపెన్ ముందున్న కార్లని తీసేశారు, సైంజ్ ముందున్న రికియార్డో, స్ట్రోల్ కార్లు అలాగే ఉంచారు. ఇద్దరి కోసం రేసు పెట్టారు, మిగతావాళ్ళు ప్రేక్షకులు. ఫెరారీ వాళ్ళం ఇలాంటివి భరించడం అలవాటైపోయింది. 2008 సింగపూర్‌లో రెనో డ్రైవర్ పీకే జూనియర్ తన టీమ్ చెబితేనే గోడకు కొట్టాడని తేలింది. సేఫ్టీ కారు వచ్చింది, మా ఫెరారీ మాసా రేసు సర్వనాశనం, చివరికి ఒక్క పాయింటుతో టైటిల్ పోయింది. ఎవరికి? హామిల్టన్‌కే! అప్పుడు లేవని న్యాయం ఇప్పుడు గుర్తొచ్చిందా?

బెంజ్‌సర్కిల్:
సింగపూర్‌లో మాసా ఇంధనం పైపు ఊడకుండానే బయల్దేరింది సేఫ్టీ కారు తప్పా?

తిఫోసి_తిరుపతి:
సేఫ్టీ కారు రాకపోతే అందరూ ఒకేసారి పిట్‌కి వచ్చేవాళ్ళా?

ట్యాంక్‌బండ్:
2008 కి ఇంకో చర్చ పెట్టుకోండి సార్. ఇక్కడ వద్దు.

బెంజ్‌సర్కిల్:
నాకు ఇది ఎందుకు మింగుడు పడదో చెప్తా. డిగ్రీ చదివే రోజుల్లో అంతర కళాశాలల కబడ్డీ ఫైనల్. మేము రెండు పాయింట్లు ముందున్నాం. టైమ్ అయిపోయింది, విజిల్ కూడా పడింది. అప్పుడే కారు దిగాడు ముఖ్య అతిథి. ఆయన ఆట చూడలేదట, "ఇంకో రెండు రెయిడ్‌లు ఆడించండి" అని స్టేజీ మీద నుంచి మైకులో చెప్పారు. రిఫరీ తల ఊపాడు. ఆ రెండో రెయిడ్‌లో మా వాళ్ళు ముగ్గురు అవుట్. కప్పు పోయింది. నేను అడిగితే రిఫరీ అన్న మాట: "ఆట బాగా ముగిసింది కదా, ఎందుకు ఏడుస్తావు?" అబుదాబిలో జరిగింది అదే. టీవీ ముందు కూర్చున్న ముఖ్య అతిథుల కోసం ఇంకో రెయిడ్.

రాజమండ్రి_రేసర్:
కబడ్డీ కథ మళ్ళీ వచ్చింది. ప్రతి చర్చలోనూ ఇది ఉంటుంది.

ముప్పైమూడు:
నాకూ ఉంది అలాంటి కథ. నేనుండేది నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో. 2021 ఆగస్టులోనే బెల్జియంలోని స్పా ట్రాక్‌కి వెళ్ళాం, నలుగురం, సొంత డబ్బుతో. గంటలకొద్దీ వానలో కూర్చున్నాం. చివరికి చూసిందేమిటి? సేఫ్టీ కారు వెనక నీళ్ళు చిమ్ముకుంటూ కార్ల ఊరేగింపు. దాన్ని రేసు అని లెక్కేసి సగం పాయింట్లు ఇచ్చారు. మా అబ్బాయి అడిగాడు, "నాన్నా, రేసు ఎప్పుడు మొదలవుతుంది?" అని. అయిపోయిందిరా అని చెప్పాల్సొచ్చింది. సేఫ్టీ కారు వెనక ముగిసేదాన్ని రేసు అనొద్దు నా దగ్గర. మాసీ కనీసం ఒక్క ల్యాపు రేసు ఇచ్చాడు. దాని కోసమే కదా మనం చూసేది?

బెంజ్‌సర్కిల్:
స్పా నువ్వే ఎత్తావు, థాంక్స్. ఆ ఊరేగింపుకి వెర్‌స్టాపెన్‌కి 12.5 పాయింట్లు, హామిల్టన్‌కి 7.5. అది తీసేస్తే అబుదాబికి వచ్చేటప్పటికి హామిల్టన్ 362, వెర్‌స్టాపెన్ 357. ఐదు పాయింట్లు ముందున్నాడు మావాడు.

ముప్పైమూడు:
లెక్క సగంలో ఆపేశావేం? అబుదాబి కూడా కలిపి చెయ్యి. అసలు ముగింపు 395.5, 387.5. స్పా తీసేస్తే 383, 380. అప్పుడూ ఛాంపియన్ మావాడే.

బెంజ్‌సర్కిల్:
అబుదాబి ఫలితమే తప్పు అంటుంటే దాన్నే కలిపి లెక్క చెప్తావేంటి!

చార్మినార్_చికేన్:
హామిల్టన్ కూడా పిట్‌కి వచ్చి ఉంటే ఈ గొడవే లేదు కదా? 14వ ల్యాపులో వేసుకున్న టైర్లతో 58 దాకా లాగడమేంటి? మెర్సిడెస్ స్ట్రాటజీ తప్పు, అంతే.

బెంజ్‌సర్కిల్:
మావాడు లోపలికి వస్తే వెర్‌స్టాపెన్ బయటే ఉండి ముందుకి వెళ్ళిపోతాడు. రూలు ప్రకారం సేఫ్టీ కారు చివరిదాకా ఉంటుందని లెక్కేసుకున్న టీమ్ అలాగే చేస్తుంది. రూలు మారుతుందని వాళ్ళకేం తెలుసు? అదే నా బాధ. నిబంధన చూసి నిర్ణయం తీసుకున్నవాడు ఓడిపోయాడు.

పసుపుజెండా:
ఇంతసేపు చదివి ఊరుకున్నా. ఇక ఆగలేను. నేను ట్రాక్ మార్షల్‌గా పని చేశాను. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసులోనూ. ఇన్ని పోస్టుల్లో ఒక్కరైనా 14వ మలుపు దగ్గర ఎవరున్నారని అడిగారా?

వెనకబడ్డ కార్లని ముందే ఎందుకు పంపలేదో తెలుసా? సేఫ్టీ కారు వెనక కార్లన్నీ గుంపుగా వెళ్తే, గుంపు వెళ్ళిపోయాక మాకు కాస్త ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలోనే ట్రాక్ మీదకి దిగాలి. ముక్కలు ఏరాలి, ఊడ్చాలి, కారుని క్రేన్‌కి కట్టాలి. వెనకబడ్డ కార్లకి దారి ఇచ్చారంటే ఆ ఖాళీ పోయినట్టే. అవి ఒంటరిగా, వేగంగా తిరిగి వచ్చి గుంపు తోకని అందుకోవాలి కాబట్టి. అందుకే ట్రాక్ శుభ్రమయ్యేదాకా వాటిని వదలరు. ఆ కార్లని ఎందుకు తీయట్లేదని అప్పటి రెడ్‌బుల్ బాస్ హోర్నర్ రేడియోలో అడిగినప్పుడు మాసీ చెప్పిన జవాబు అదే: ఆగు, ముందు ఈ ప్రమాదం క్లియర్ అవ్వాలి. ఒక్క ల్యాపు చాలు మాకు అని హోర్నర్. ఇటు మెర్సిడెస్ నుంచి వోల్ఫ్ కూడా రేడియోలో పోరు. ట్రాక్ మీద మనుషులుండగా ఇద్దరు బాసులు ఆ మనిషి చెవిలో అరుస్తున్నారు. నాకు కనిపించిన తప్పు అది. టీమ్ బాసులు అలా నేరుగా ఒత్తిడి పెట్టే పద్ధతిని తర్వాత ఆపేశారు, మంచి పని.

ముప్పైమూడు:
అన్నా, మార్షల్స్ మీద గౌరవం ఉంది. కానీ పచ్చజెండా ఊపేటప్పటికి ట్రాక్ క్లియరే కదా? ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా?

పసుపుజెండా:
తగల్లేదు కాబట్టి ఫర్వాలేదా?

2000 మోంజాలో ఎగిరొచ్చిన చక్రం తగిలి మార్షల్ చనిపోయాడు. 2001 మెల్‌బోర్న్‌లో మళ్ళీ చక్రమే, మళ్ళీ మార్షలే. 2013 మాంట్రియల్‌లో రేసు అయిపోయాక కారుని తరలిస్తున్న వాహనం కింద పడి ఇంకొకరు. పోయిన ఈ ముగ్గురి పేర్లు మీలో ఎంతమందికి తెలుసు? 2014 సుజుకాలో సేఫ్టీ కారు లేకుండా, పసుపు జెండాల కిందే క్రేన్‌ని ట్రాక్ పక్కకి పంపారు. డ్రైవర్ బియాంకీ కారు దాన్నే గుద్దుకుంది. తొమ్మిది నెలలు కోమాలో ఉండి పోయాడు. వర్చువల్ సేఫ్టీ కారు (సేఫ్టీ కారు రాకుండానే అందరూ వేగం తగ్గించాలనే పద్ధతి) వచ్చింది ఆ తర్వాతే. మళ్ళీ 2022లో అదే సుజుకాలో, అదే వానలో, డ్రైవర్ గాస్లీ కారు పక్కనే ట్రాక్ మీద క్రేన్. నేర్చుకున్నది ఇంతే.

ఒక రేసులో, ఏదో చెప్పను, మేం విరిగిన ముక్కలు ఏరుతుంటే వాకీటాకీలో కంట్రోల్ నుంచి అదే పాట: "ఎంతసేపు? ఎంతసేపు? టీవీ టైమ్ పోతోంది." మా కుర్రాడొకడు కంగారుపడి జెండా సిగ్నల్ చూడకుండానే గోడ దూకాడు. కారు రాలేదు కాబట్టి బతికాడు. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. రేసు బాగా జరిగిందని అందరికీ బిర్యానీ పెట్టారు.

తిఫోసి_తిరుపతి:
అయ్యో.

బెంజ్‌సర్కిల్:
అదే కదా నేనూ చెప్తున్నది! 48.12 ప్రకారం ఇంకో ల్యాపు ఆగి ఉంటే మార్షల్స్‌కి కూడా...

పసుపుజెండా:
మార్షల్స్‌ని నీ 48.12కి సాక్షులుగా పిలవకు తమ్ముడూ. ఒక్కటి అడుగుతా, సూటిగా చెప్పు. రేసు సేఫ్టీ కారు వెనకే ముగిసి, మీవాడు అలా గెలిచి ఉంటే నీకు తృప్తేనా?

బెంజ్‌సర్కిల్:
...గెలుపు గెలుపే. కానీ నన్నడిగితే ఎర్రజెండా వేసి ఉండాల్సింది. రేసు ఆపి, శుభ్రం చేసి, ఇద్దరికీ కొత్త టైర్లు ఇచ్చి, మళ్ళీ గ్రిడ్ నుంచి మొదలుపెట్టాలి. అదే ఏడాది బాకూలో చేశారు కదా, రెండు ల్యాపులకి.

ముప్పైమూడు:
చచ్చినా నీతో ఏకీభవించకూడదనుకున్నా. కానీ ఎర్రజెండాకి నేనూ ఓకే.

చార్మినార్_చికేన్:
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

పసుపుజెండా:
చూశారా, మీ ఇద్దరిదీ ఒకే పార్టీ. ఇందాకటి నుంచి కొట్టుకుంటున్నది ఎవరు గెలవాలన్న దాని మీదే. చివర్లో ఎలాగైనా రేసు ఉండి తీరాలన్నదాంట్లో మీకు తేడా లేదు. టీమ్‌లు కూడా అంతే. వీలైతే పచ్చజెండా కిందే ముగించాలని అంతకుముందు మీటింగుల్లో అనుకున్నది వాళ్ళే. ఆ "వీలైతే"ని సాధించాల్సింది ట్రాక్ మీద ఉన్నవాళ్ళు, పరుగెత్తి. నేను దానికే వ్యతిరేకం. ఎర్రజెండా కూడా అంతే: 2023 మెల్‌బోర్న్‌లో రెండు ల్యాపులుండగా గ్రిడ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. ఏమైంది? మొదటి మలుపుల్లోనే కార్లు గుద్దుకున్నాయి, ఆల్పైన్ టీమ్ కార్లు రెండూ ఒకదాన్నొకటి. చివరికి సేఫ్టీ కారు వెనకే ముగించారు. ఆ గుద్దులాట ఎవరికి మేలు చేసింది?

ముప్పైమూడు:
మరేం చేయమంటారు? 2022 మోంజాలా సేఫ్టీ కారు వెనక ముగించి, జనం చేత ఛీ కొట్టించుకోవాలా?

పసుపుజెండా:
అవును. మోంజాలో రికియార్డో కారు గేరులోనే ఇరుక్కుంది, నెట్టడానికి లేదు, క్రేన్ రావాల్సి వచ్చింది. ఎన్ని నిమిషాలు పట్టాలో అన్ని పట్టింది. జనం ఛీ కొట్టారు. కొట్టనీ.

తిఫోసి_తిరుపతి:
ఆ ఛీ కొట్టినవాళ్ళలో మావాళ్ళే ఎక్కువ అన్నా. రెండో స్థానంలో మా ఫెరారీ లెక్లెర్క్ ఉన్నాడు మరి. మీరు చెప్పింది సబబే, కానీ ఆ రోజు టీవీ పగలగొట్టాలనిపించింది.

ముప్పైమూడు:
అదేనండీ. మీకు అది మనుషుల ప్రాణం, ఒప్పుకుంటా. నాకు అది వేల రూపాయల టికెట్టు, వానలో తడిసిన పిల్లాడు. రేసు పూర్తి చేయలేనప్పుడు డబ్బు వాపసు అని నిబంధన పెట్టమనండి, అప్పుడు మీ పక్షానికి వస్తా. అప్పటిదాకా మాసీ చేసిందే రైటు.

బెంజ్‌సర్కిల్:
రైటా? 57 తర్వాతి ల్యాపు ఏది, ముందు అది చెప్పు.

రాజమండ్రి_రేసర్:
పాప్‌కార్న్ అయిపోయింది, ఇంకో ప్యాకెట్ పెట్టా.