కైరాలిటీ, హెలిసిటీ ఎక్కడ విడిపోతాయి? పయాన్ డీకే దగ్గర చిక్కు

ప్రశ్న (ఎమ్మెస్సీ, శ్రీకాకుళం)
మాస్టార్లకి నమస్కారం. మాస్ లేని కణానికి కైరాలిటీ, హెలిసిటీ ఒకటేనంటారు, మాస్ ఉంటే వేరంటారు. ఆ తేడా ఎలా వస్తుంది? ధన పయాన్ (ధనావేశమున్న, త్వరగా విడిపోయే కణం) తేలికైన పాజిట్రాన్‌ని (ఎలక్ట్రాన్ యాంటీకణం) వదిలేసి దాదాపు ఎప్పుడూ మ్యూయాన్‌గానే (ఎలక్ట్రాన్ లాంటిదే, బరువెక్కువ) ఎందుకు డీకే అవుతుంది?

జవాబు (లెక్చరర్, విజయనగరం)
బాబూ, హెలిసిటీ అంటే మొమెంటం దిశలో స్పిన్ ఎటుందన్నది. కైరాలిటీ అంటే కణం ఫీల్డ్ ‘ఎడమ’ రకమా, ‘కుడి’ రకమా అన్నది; లెక్కలో అది గామా-5 అనే మాత్రిక ఐగెన్ విలువ. చిలకపాలెం దగ్గర హైవే మీద లారీని కారు దాటిందనుకో. కారులోవాళ్ల లెక్కలో లారీ వెనక్కి పోతోంది, దాని రేడియేటర్ ఫ్యాన్ మాత్రం అటే తిరుగుతోంది. హెలిసిటీ గుర్తు మారేది అందుకే. కాంతివేగంతో పోయేదాన్ని ఎవరూ దాటలేరు, కాబట్టి అక్కడ మారదు.

కైరాలిటీ తీరు దీనికి తిరగబడి ఉంటుంది. ఏ ఫ్రేమ్ నుంచి చూసినా అదే, కానీ డిరాక్ సమీకరణంలో (ఎలక్ట్రాన్ లాంటి కణాల నడకని చెప్పేది) మాస్ పదం ఎడమనీ కుడినీ కలిపేస్తుంది, అందుకని కాలంతో నిలవదు. స్వేచ్ఛా కణానికి నిలిచేది హెలిసిటీ.

జవాబు (నెట్ కోచింగ్, శ్రీకాకుళం)
పయాన్ సంగతి. దాని స్పిన్ సున్నా. అది విడిపోతే వచ్చే న్యూట్రినో (ఆవేశం లేని, మాస్ దాదాపు లేని కణం), పాజిట్రాన్ ఎదురెదురుగా పోతాయి. న్యూట్రినో ఎడమ హెలిసిటీ గనక, కోణీయ ద్రవ్యవేగం సరిపోవాలంటే పాజిట్రాన్‌కీ ఎడమే ఉండాలి. కానీ ఈ డీకేని నడిపే వీక్ బలం పట్టుకునేది ఎడమ కైరల్ ఫీల్డ్‌ని, దాని యాంటీకణం వేగంగా పోతే కుడి హెలిసిటీతో వస్తుంది. చాలామంది ఇక్కడే గుర్తు తప్పుతారు.

‘తప్పు’ హెలిసిటీ, అంటే ఇక్కడ కావలసిన ఎడమ, వచ్చే సంభావ్యత (1 − వేగం/కాంతివేగం)/2. పాజిట్రాన్ దాదాపు కాంతివేగంతో పోతుంది, కాబట్టి అది లక్షకి ఒకటి పైచిలుకే. మ్యూయాన్ వేగం కాంతివేగంలో 0.27 మాత్రమే, దానికి 36 శాతం దాకా ఉంది.

ఇక పాజిట్రాన్ డీకేలకీ మ్యూయాన్ డీకేలకీ నిష్పత్తి లెక్క: మాస్‌లు ఎలక్ట్రాన్ (పాజిట్రాన్‌దీ అంతే) 0.511, మ్యూయాన్ 105.66, పయాన్ 139.57 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. (0.511/105.66)² వేసి ఆపేస్తే 2.34×10⁻⁵ వస్తుంది, అది సగం జవాబే. పయాన్ మాస్ వర్గంలోంచి లెప్టాన్ (ఇక్కడ ఎలక్ట్రాన్ లేదా మ్యూయాన్) మాస్ వర్గం తీసి, ఎలక్ట్రాన్‌కి వచ్చినదాన్ని మ్యూయాన్‌కి వచ్చినదానితో భాగించి వర్గం చేస్తే 5.49. నువ్వన్న తేలికదనం మొగ్గు ఇదే. రెండూ గుణిస్తే 1.28×10⁻⁴. కొలిచింది 1.23×10⁻⁴, తేడా రేడియేటివ్ సవరణలది (ఫోటాన్ల వల్ల వచ్చే చిన్న సవరణలు).

జవాబు (లెక్చరర్, విజయనగరం)
ఒక్క మాట కలుపుతాను. ‘వీక్ బలం ఎడమ హెలిసిటీనే చూస్తుంది’ అని పరీక్షలో రాయకు. బీటా డీకేలో (కేంద్రకం వీక్ బలంతో ఎలక్ట్రాన్‌ని వదిలేది) మొత్తం శక్తి 1 మెగా ఎలక్ట్రాన్ వోల్టు ఉన్న ఎలక్ట్రాన్‌లలో 7 శాతం కుడి హెలిసిటీతోనే వస్తాయి.