అమ్ముడుపోని 2023 క్యాంపింగ్ ట్రైలర్ కొనవచ్చా?

బెంగళూరులో హోసూరు రోడ్డు వైపు ఒక డీలరు దగ్గర 2023లో తయారైన క్యాంపింగ్ ట్రైలర్ (కారు వెనక తగిలించుకుని వెళ్లే, లోపల పడుకునే వీలున్న బండి) ఉంది. ఇంతవరకు ఎవరూ కొనలేదు, రిజిస్ట్రేషన్ కూడా కాలేదు. అమ్మానాన్నలను తీసుకుని లేపాక్షి, గండికోట తిరగాలని మాకు ఎంతో కోరిక. ఈ ఏడాది మోడల్ మా స్తోమతకు మించినది.

"కొత్త బండే కదండీ" అంటున్నాడు డీలరు. టైరు పక్కన మాత్రం 1823 అని ఉంది. అంటే 2023లో 18వ వారం తయారీ. అప్పటి నుంచి ఎండకూ వానకూ ఆరుబయటే నిలబడినట్టుంది. పైకప్పు కిటికీ మూలన ప్లైవుడ్ మీద గోధుమరంగు చార కనిపించింది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది! నా భయమంతా దాని గురించే. టైర్లు, బ్యాటరీ మార్పించుకోవచ్చు. గోడలోకి దిగిన నీటిని ఏం చేయాలి? పైనుంచి సీలెంట్ (నీరు దిగకుండా సందులు మూసే జిగురు) పూయిస్తానంటున్నాడు డీలరు. అది సరిపోతుందా, ప్యానెల్ విప్పించి చూడమని పట్టుబట్టాలా?

వారంటీ బిల్లు తేదీ నుంచే మొదలవుతుందని రాయించుకోవాలనుకుంటున్నాను. ధర ఎంత తగ్గించమని అడిగితే న్యాయంగా ఉంటుంది? ఇలాంటి బండి కొని, తర్వాత అమ్మినవారు ఉంటే దయచేసి చెప్పండి: కొనేవారు తయారైన ఏడాదినే లెక్కలోకి తీసుకున్నారా? అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.