పుచ్చకాయను కర్రతో పగలగొట్టడం ఆటా, తిండి దండగా?

ఒసాకా కోడలు: మొన్న ఆదివారం ఇరుగుపొరుగుతో కలిసి పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్ళాం. అక్కడ సుయికావారి ఆడించారు, అదే పుచ్చకాయను కర్రతో పగలగొట్టే జపాన్ ఆట. కళ్ళకు గంతలు కట్టి, గిర్రున తిప్పి, చేతికి కర్ర ఇస్తారు. ‘మిగి’ అంటే కుడి, ‘హిదారి’ అంటే ఎడమ అని చుట్టూ ఒకటే అరుపులు. సగం మంది కావాలనే తప్పు దారి చెప్తారు, అదో సరదా. చివరికి మావాడు కొట్టిన దెబ్బకి సగం కాయ ఇసక పాలైంది. మేం కొన్న కాయ రెండు వేల యెన్‌ల పైమాటే! గిన్నెలో నాలుగు మెతుకులు వదిలినా ‘మొత్తయినై’, అయ్యో దండగ అనే మనుషులు దీన్నెలా ఒప్పుకుంటారు?

గోంగూర పచ్చడి: ఆటది తప్పు కాదండీ, కింద షీట్ వెయ్యకపోవడం తప్పు. నేను నాగోయాలో చూసినప్పుడల్లా నీలం షీట్ పరిచే ఆడారు. చిన్నపిల్లలతో మొదలుపెడతారు, వాళ్ళ దెబ్బకి కాయ మీద గీత కూడా పడదు. పగిలాక ముక్కలు వంకరటింకరగా ఉన్నా అక్కడే లాగించేస్తారు. 1991లో జపాన్ రైతు సహకార సంఘాలు దీనికో సంఘం పెట్టి రూల్స్ కూడా రాశాయి. కాయ ఎంత సమానంగా పగిలితే అంత ఎక్కువ మార్కులు. పండించేవాళ్ళకే లేని బాధ మనకెందుకు?

మాటకు మాట: పండించేవాళ్ళకి కాయ అమ్ముడుపోవాలి బ్రదర్. కొన్నాక తింటారో తంతారో వాళ్ళకేం పని? ఇదేం వాదన!

పాలమూరు పిల్లోడు: మనం దిష్టి గుమ్మడికాయ నడిరోడ్డు మీద పగలగొట్టి వదిలేస్తాం. దాని మీద బైకులు జారిపడతాయి. వాళ్ళు కనీసం తింటున్నారు కదా అన్నా.

మాటకు మాట: అది దిష్టికి, ఇది సరదాకి. అయినా మన తప్పు చూపిస్తే వాళ్ళది ఒప్పయిపోతుందా తమ్ముడూ?

గోంగూర పచ్చడి: అసలు దండగ చూడాలంటే కగావా వైపు జెన్‌త్సూజీలో పండించే చదరపు పుచ్చకాయలు చూడండి. పెట్టెలో పెంచి, పండకముందే కోసి, షాపుల్లో అలంకారానికి పెడతారు. కొన్నవాళ్ళు కూడా తినరు. సుయికావారి కాయ కడుపులోకన్నా వెళ్తుంది.

ఒసాకా కోడలు: చదరపు కాయ సంగతి ఒప్పుకుంటా. షీట్ మాటా నిజమే. అది తెచ్చే డ్యూటీ మా ఆయనది, కారులోనే మర్చిపోయారట. వచ్చే వారం మళ్ళీ పిలిచారు. షీట్లు రెండు కొన్నాను. కర్ర మాత్రం మావాడి చేతికివ్వను.