కొత్తిమీర పూల మీద ఈ బుల్లి ఈగలు ఏమిటండీ?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. పెరట్లో కొత్తిమీర పూతకొచ్చింది. పొద్దున్న ఏడింటికల్లా దానిమీద బుల్లి ఈగలు మూగుతున్నాయి. బియ్యపుగింజ కంటే కాస్త పొడవు, అంతే. పొట్టమీద పసుపు, నలుపు పట్టీలు. కందిరీగలేమో అనుకున్నా గానీ, ఫోటో పెద్దది చేసి చూస్తే రెక్కలు రెండే. కందిరీగకైతే నాలుగుండాలి కదా. గాలిలో కదలకుండా నిలబడి, చటుక్కున పక్కకి జరుగుతాయి. ఒకదానికి ఇటుకరంగు కళ్లు నడినెత్తిన కలిసిపోయాయి, ఇంకోదానికి మధ్యలో సందుంది. మగా ఆడా తేడానా, లేక వేరే రకమా?

హోవర్‌ఫ్లైలేనని నా అనుమానం. వాటిలో చాలా రకాల పిల్లపురుగులు పేనుబంకని (మొక్కల రసం పీల్చే బుల్లి పురుగులని) తింటాయట. పక్కనే బొబ్బర్ల తీగకి పేనుబంక బాగా పట్టింది. మావారు మందు కొడతానంటే ఆపాను. తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి, ప్లీజ్.