లీసెస్టర్‌కి కొత్త: మా ఆవిడకి చూపు సమస్య, ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఈమధ్యే ఇంగ్లండ్ వచ్చాం. మా ఆవిడకి రెటినైటిస్ పిగ్మెంటోసా, సదరం సర్టిఫికెట్ ఉంది. మన వీసాకి పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ భత్యాలు) ఉండవు కాబట్టి ఇక్కడ ఏ సాయమూ దొరకదంటున్నారు. నిజమేనా?

— తమ్ముడూ, అందులో సగమే నిజం. ఆ షరతు పిప్ (వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే డబ్బు) లాంటి భత్యాలకి. వాటికి మాత్రం అప్లై చేయకండి, వీసాకి ఇబ్బంది. కంటి ఆసుపత్రి, కౌన్సిల్ (ఊరి స్థానిక ప్రభుత్వం) వాళ్ల శిక్షణ ఆ లెక్కలోకి రావు.

సదరం ఇక్కడ చెల్లదు. ఇక్కడ కావాల్సింది సీవీఐ, అంటే చూపులోపం సర్టిఫికెట్. జీపీ (మీ ఏరియా డాక్టర్) దగ్గర రిజిస్టర్ అయ్యి, కంటి ఆసుపత్రికి రిఫర్ చేయమనండి. అక్కడి కన్సల్టెంట్ పరీక్షించి సంతకం పెడితే కాపీ కౌన్సిల్‌కి వెళ్తుంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లో చూపించుకుని ఉంటే ఆ ఫైలు, ముఖ్యంగా ఫీల్డ్ టెస్ట్ (పక్కచూపు కొలిచే పరీక్ష) రిపోర్టులు, వెంట తీసుకెళ్లండి. ఈ జబ్బులో ఎదురుగా ఉన్న అక్షరాలు చాలాకాలం బాగానే కనిపిస్తాయి, ముందు పోయేది పక్కచూపు. చార్టు చదివించి ఊరుకుంటే అసలు ఇబ్బంది బయటపడదు.

సీవీఐ వచ్చేదాకా ఆగక్కర్లేదు, కౌన్సిల్‌కి ఇప్పుడే ఫోన్ చేసి రిహాబిలిటేషన్ ఆఫీసర్ కావాలని అడగండి. తెల్లకర్రతో నడవడం, వంటింట్లో స్టవ్ నాబ్‌లకి చేతికి తగిలే చుక్కలు అంటించుకోవడం నేర్పిస్తారు. రోడ్డు దాటే చోట బటన్ డబ్బా కింద చెయ్యి పెట్టి చూడమనండి. చాలాచోట్ల అక్కడ గీతల గీతలుగా చిన్న పిడి ఉంటుంది, పచ్చలైటు పడగానే వేళ్ల మధ్య తిరుగుతుంది. ట్రాఫిక్ హోరులో సిగ్నల్ చప్పుడు వినబడకపోయినా ధైర్యంగా దాటొచ్చు.

— అన్నయ్యా, ఇంకో మాట. వదినగారు ఉద్యోగం చేయాలనుకుంటే యాక్సెస్ టు వర్క్ (వైకల్యం ఉన్న ఉద్యోగులకి ప్రభుత్వ సాయం) ఉంది, అదీ పబ్లిక్ ఫండ్ కాదు. స్క్రీన్ రీడర్ (కంప్యూటర్ తెర మీదిది చదివి వినిపించేది), బస్సులో వెళ్లలేకపోతే టాక్సీ ఖర్చు కూడా చూస్తారు. ఆఫర్ రాగానే అప్లై చేయండి, చాలా ఆలస్యమవుతోంది. కౌన్సిల్‌లో ‘తీవ్ర చూపులోపం’ కింద నమోదైతే బ్లైండ్ పర్సన్స్ అలవెన్స్ వస్తుంది, ఇది భత్యం కాదు, పన్ను మినహాయింపు. 2025-26లో అది 3,130 పౌండ్లు, అంత ఆదాయం మీద పన్ను పడదు, ఆవిడకి ఆదాయం లేకపోతే మీకు బదిలీ చేయొచ్చు.

ఆసుపత్రిలో మీరు అనువాదం చేయకండి. అపాయింట్‌మెంట్ అప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి, ఉచితం. భర్త ముందు చెప్పలేని భయాలుంటాయి. మనవాళ్ల ఫంక్షన్లలో ఎవరైనా చూస్తారని కర్ర దాచేసి తడుముకుంటూ నడిచే ఆడవాళ్లని చూశాను, చాలా బాధేస్తుంది. చూపులేనివాళ్ల సేవాసంస్థ ఆర్‌ఎన్‌ఐబీ హెల్ప్‌లైన్ 0303 123 9999. ఫోన్ ఆవిడ చేతికే ఇవ్వండి.