క్యాట్ వర్బల్: ప్యాసేజీల దగ్గరే టైమంతా అయిపోతోంది

కృష్ణాతీరం:
క్యాట్ (ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష) మాక్ టెస్టుల్లో వర్బల్, అంటే ఇంగ్లిష్ సెక్షన్‌కి ఉండే 40 నిమిషాల్లో నాలుగు ప్యాసేజీలు ముగిసేసరికే 35 దాటుతోంది. మిగతా 8 ప్రశ్నలకు ఐదు నిమిషాలు కూడా ఉండట్లేదు. పైగా ఆప్షన్లు రెండుకి తగ్గాక తప్పుదే పెడుతున్నాను. స్పీడ్ పెంచాలా, వర్డ్ లిస్ట్ బట్టీ పట్టాలా?

వరంగల్_వాసి:
వర్డ్ లిస్ట్ పక్కన పెట్టేయండి. టైమ్ తినేది చదివే వేగం కాదు, వెనక్కెళ్లి మళ్లీ చదవడం. ఒక్కో పేరా అవ్వగానే రచయిత అక్కడ ఏం చేశాడో మనసులో అనుకోండి: పాత వాదన చెప్పాడు, కాదన్నాడు, ఉదాహరణ ఇచ్చాడు. ప్రశ్న చూడగానే ఏ పేరాకి వెళ్లాలో తెలుస్తుంది. ఒక్కో ప్యాసేజీ చదవడానికి మూడున్నర నిమిషాలు, దాని నాలుగు ప్రశ్నలకు మరో మూడున్నర. అన్నీ కలిపి 28 నిమిషాలు, 12 చేతిలో ఉంటాయి. మొదటి పేరా రెండుసార్లు చదివినా తలకెక్కకపోతే ఆ ప్యాసేజీని చివరికి నెట్టేయండి.

ఇంకోటి, 2017-19 పేపర్లలో ఈ సెక్షన్‌లోని 34 ప్రశ్నలకు 60 నిమిషాలు ఉండేవి. 40 నిమిషాల టైమర్ పెట్టి చేయాల్సింది 2021 నుంచి వచ్చిన 24 ప్రశ్నల పేపర్లు. పాతవి విడి ప్యాసేజీలుగా వాడుకోండి.

చదువరి:
రెండు ఆప్షన్ల గొడవ దాదాపు ఎప్పుడూ ఒక్క మాట దగ్గరే ఉంటుందండీ. చెరువులు కుంచించుకుపోవడానికి ఆక్రమణలు "ఒక కారణం" అని ప్యాసేజీలో ఉంటే, ఆప్షన్‌లో "ప్రధాన కారణం" అని ఇస్తారు. మిగతా వాక్యమంతా అచ్చం అదే కాబట్టి కన్ను జారిపోతుంది. ఏది బాగుందని చూడకండి, ఏ మాటకు ప్యాసేజీలో ఆధారం లేదో వేలుపెట్టి చూపండి. అలాగని "ఓన్లీ", "ఆల్వేస్" కనబడగానే కొట్టేయొద్దు. రచయితే అంత గట్టిగా అని ఉంటే అదే జవాబు.

పేరా జంబుల్స్‌లో, అంటే కలగాపులగంగా ఇచ్చిన వాక్యాలను వరుసలో పెట్టే ప్రశ్నల్లో, నాలుగు వాక్యాలకు 24 వరుసలు సాధ్యం. మొదటి వాక్యం కోసం వెతకడం మాని, విడదీయలేని జంట పట్టండి. "సచ్ వెల్స్" అన్న వాక్యానికి ముందు ఆ బావులెలాంటివో చెప్పిన వాక్యం ఉండి తీరాలి.

కృష్ణాతీరం:
చాలా థ్యాంక్సండీ. జంబుల్స్‌లో అనుమానంగా ఉంటే వదిలేయాలా?

చదువరి:
వద్దు. జంబుల్స్ లాంటి జవాబు టైప్ చేసే ప్రశ్నలకు నెగటివ్ మార్కులు లేవు, ఏదో ఒక వరుస కొట్టి రండి. పేరా సారాంశం అడిగే సమ్మరీ ప్రశ్నలకు మాత్రం ఆప్షన్లుంటాయి, తప్పయితే ఒక మార్కు పోతుంది.