పుష్కర్ నుంచి పాలమూరుకు గుర్రం: ఒక్క బిగిన తేవాలా, మజిలీలు చేస్తూ తేవాలా?

కల్వకుర్తి రైతు (ప్రశ్న)

ఈ కార్తీక పౌర్ణమికి అజ్మీర్ దగ్గరి పుష్కర్ సంతకు వెళ్లి, నాలుగైదేళ్ల వయసున్న మార్వారీ ఆడ గుర్రాన్ని కొనాలని నిర్ణయించుకున్నాను. అక్కడి నుంచి మా ఊరికి దాదాపు 1,500 కిలోమీటర్లు ఉంటుంది. డీసీఎం నడిపే మా బావ, ఇద్దరు డ్రైవర్లు మార్చుకుంటూ ఎక్కడా ఆగకుండా నడిపితే 30 గంటల్లో చేరుకుంటామని, ప్రయాణం ఎంత తొందరగా ముగిస్తే నోరులేని జీవానికి అంత మేలని అంటున్నాడు. మా నాన్నగారు మాత్రం దారిలో ఆపి, దించి, విశ్రాంతి ఇచ్చి తీసుకురావాల్సిందే అంటున్నారు. అనుభవమున్న పెద్దలు కారణాలతో సహా చెప్పాలని మనవి.

మిర్యాలగూడ, పెళ్లి గుర్రాల యజమాని

మీ బావగారి మాటే సరైనదని నా అభిప్రాయం. మహారాష్ట్రలో తాపీ నది ఒడ్డున దత్త జయంతికి జరిగే సారంగ్‌ఖేడా సంత నుంచి నేను మూడు గుర్రాలను ఆగకుండానే తెచ్చాను, మూడూ క్షేమంగా చేరాయి. బండికి అలవాటు లేని గుర్రానికి ఎక్కడం, దిగడమే అసలు గండం. చీకట్లో, కొత్త చోట, ఎత్తు చాలని గట్టు మీద దించబోతే కాలు జారి మోకాలు చిట్లుతుంది. పైగా దారిలో ఎవరి లాయంలో కట్టేస్తారు? ఏ రోగమున్న గుర్రం మూతి పెట్టిన తొట్టిలో ఇది నీళ్లు తాగుతుందో ఎవరికి తెలుసు? కాబట్టి చల్లటి వేళ బయలుదేరి తొందరగా ఇల్లు చేరడమే క్షేమం.

అచ్చంపేట నుంచి

మిర్యాలగూడ అన్నగారి అనుభవాన్ని నేను కాదనను, కానీ నా అనుభవం వేరు. కొన్నేళ్ల కిందట నేను కూడా రాజస్థాన్ నుంచి ఒక గుర్రాన్ని ఒక్క బిగిన తెప్పించాను. పక్క గుర్రాన్ని కరుస్తుందని, బండితో వచ్చిన మనిషి దాని పగ్గాన్ని పైకమ్మీకి పొట్టిగా, తల ఎత్తి ఉండేటట్లు కట్టాడు. ఒక రాత్రి, ఒక పగలు, మళ్లీ ఒక రాత్రి అది అలాగే నిలబడి వచ్చింది. దిగినప్పుడు చూడటానికి బాగానే ఉంది. అలసిపోయింది కాబట్టి మేత ముట్టడం లేదని అనుకున్నాను. మూడో రోజుకు జ్వరం 104 డిగ్రీలు దాటింది, ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారింది, రొమ్ము తాకితే మూలిగింది. ఊపిరితిత్తులకు, వాటి చుట్టూ ఉన్న పొరకు చీము పట్టిందని డాక్టరు చెప్పారు. పదకొండు రోజులు మందులు పోశాం, దక్కలేదు. దాని మెడ నిమురుతూ కూర్చున్న ఆ రాత్రుల్ని నేను మరిచిపోలేదు.

డాక్టరు చెప్పిన కారణాన్ని ఇక్కడ రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. గుర్రం రోజులో ఎక్కువ భాగం తల దించి మేస్తుంది, అందువల్ల గొంతుగొట్టంలో చేరిన దుమ్ము, చీమిడి ముక్కు ద్వారా బయటికి జారిపోతాయి. తలను గంటల తరబడి పైకెత్తి కడితే ఆ మురికి కిందికి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పొడి గడ్డి దుమ్ము, సొంత మూత్రపు ఘాటు దానికి తోడవుతాయి. బావగారు లెక్కించిన 30 గంటలంటే గంటకు సగటున 50 కిలోమీటర్లు. అయితే 1978 నాటి పశువుల రవాణా నియమాలు గుర్రాలున్న బండి గంటకు 35 కిలోమీటర్లు మించి పోకూడదంటున్నాయి. ఆ లెక్కన చక్రం తిరిగే సమయమే 43 గంటలవుతుంది. అన్ని గంటలు ఆగకుండా తేవడాన్ని ఎవరు సమర్థించగలరు?

మిర్యాలగూడ, పెళ్లి గుర్రాల యజమాని

మీ గుర్రం పోయినందుకు నిజంగా బాధగా ఉంది. పగ్గం సంగతి నేను ఆలోచించలేదు, నా గుర్రాలకు పొడుగ్గానే కట్టించాను, బహుశా అదే వాటిని కాపాడిందేమో. కానీ దించితే వచ్చే ప్రమాదం గురించి నేను అడిగిన ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

నల్గొండ, పశువైద్యుడు

ఆపడం వేరు, దించడం వేరు. ఈ చర్చలో రెండూ కలిసిపోయాయి. నాలుగైదు గంటలకోసారి బండిని నీడలో ఆపి, పగ్గం వదులు చేసి, మూతి నేలకు ఆనేంతగా తల దించనిచ్చి, అరగంట పాటు నీళ్లు, కాస్త తడిపిన గడ్డి ఇవ్వడానికి గుర్రాన్ని దించనక్కర్లేదు. ఇంత దూరానికి దారి మధ్యలో ఒక రాత్రి మాత్రం దించి తీరాలి. ఇండోర్, బుర్హాన్‌పూర్, అకోలా, నాందేడ్ దారిలో వస్తే, ఆ రాత్రికి చోటును బయలుదేరక ముందే మాట్లాడుకోండి. వేరే గుర్రాలు లేని పశువుల కొట్టమైతే మేలు. తొట్టి, బకెట్టు మీవే ఉండాలి.

కొత్త ఊరి నీళ్లను చాలా గుర్రాలు ముట్టవు. నీళ్లు తగ్గితే పేగుల్లో మేత గట్టిపడి కడుపునొప్పి వస్తుంది, గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు కాబట్టి అది ప్రాణాంతకం కావచ్చు. కొన్న చోటనే రెండు మూడు రోజులు నీళ్లలో కాస్త బెల్లం కలిపి అలవాటు చేస్తే, దారిలో ఏ నీళ్లయినా అదే రుచితో తాగుతుంది.

బండి విషయంలో అచ్చంపేట వారు చెప్పిన 1978 నియమాలే మంచి మార్గదర్శి: అడుగున కాళ్లు జారనివ్వని పట్టాలు, గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం వెదురు బొంగు, ఎదురొచ్చే వాహనాలకు బెదరకుండా తల ఎడమవైపుకు. వెంట ఒక మనిషి కూడా ఉండాలి.

వీటన్నిటికంటే ముందు రక్తపరీక్ష చేయించండి. గ్లాండర్స్ మనుషులకు కూడా అంటుకునే రోగం. తేలితే 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద ఆ గుర్రాన్ని చంపాల్సిందే, వైద్యం ఉండదు. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో ఈ పరీక్ష చేస్తారు. ఫలితం రాకముందు పూర్తి డబ్బు చెల్లించకండి, బండి ఎక్కించకండి.

జడ్చర్ల నుంచి

అసలు అంత దూరం ఎందుకని నా సందేహం. నాందేడ్ జిల్లా మాలేగావ్‌లో ఖండోబా జాతరకు మంచి గుర్రాలే వస్తాయి, మనకు 400 కిలోమీటర్ల లోపే. ఉదయం బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు.

కల్వకుర్తి రైతు

అందరికీ కృతజ్ఞతలు. మాలేగావ్ మాట మా నాన్నగారికి నచ్చింది, కానీ నేను కోరుకుంటున్న వంశం గుర్రం పుష్కర్‌లో ఉందని తెలిసింది కాబట్టి ముందు అక్కడికే వెళతాను. అచ్చంపేట అన్నగారు రాసింది బావకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు, తరువాత మూడు పగళ్లు పట్టినా సరే ఆగుతూనే వద్దామన్నాడు. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా గుర్రాన్ని తన దగ్గరే ఉంచుకుంటే మేత ఖర్చు ఇస్తానని అమ్మేవారితో ఫోన్లో మాట్లాడుతున్నాను. ఇంటికొచ్చాక మూడు వారాలు మా ఎడ్లకు, పక్కింటి గుర్రానికి దూరంగా మామిడితోటలో కట్టేయడానికి కొట్టం వేస్తున్నాం. డాక్టరు గారూ, దిగిన తరువాత జ్వరం ఎన్ని రోజులు చూసుకోవాలి?

నల్గొండ, పశువైద్యుడు

కనీసం ఐదు రోజులు, పొద్దున, సాయంత్రం చూడండి. 101.5 డిగ్రీలు దాటినా, మేత సగం వదిలినా, దగ్గు వినిపించినా మరుసటి రోజు కోసం ఆగకుండా అదే పూట డాక్టరును పిలవండి. ఆ వారమంతా మేతను నేల మీదే పెట్టండి.